ప్లైవుడ్ పడవలో చెప్పిన మాట

సహోదరులారా, మా అన్నయ్య దానియేలు పోయిన తర్వాత చాలా నెలలు నేను ఏడవలేదు. ఏడుపు రాకుండా చూసుకోవడం నాకు బాగా తెలిసిన పని, ఆ పనితనంతోనే అన్ని నెలలూ గడిపాను. ఆ చీకటిలోనుంచి దేవుడు నన్ను ఎలా బయటికి తెచ్చాడో రాయమని మన సంఘ పత్రికవారు అడిగారు. ఇది సంతోషంగా ముగిసే సంగతి కాబట్టి మొదటి భాగానికి కాస్త ఓర్చుకోండి.

మాది పాలకొల్లు దగ్గర గోదావరి ఒడ్డున ఒక ఊరు. అన్నయ్య అక్కడి మిషన్ బడిలో లెక్కలు చెప్పేవాడు, సాయంత్రాలు నాటికలు ఆడించేవాడు. నాటక పరిషత్తు పోటీలకి ఊరూరా తిరిగాం, మేకప్ పెట్టె ఆయన మోసేవాడు, నేను భోజనం క్యారేజీ మోసేవాణ్ణి. స్టేజి మీద ఎలా నిలబడాలో, ఎక్కడ ఆగాలో, ఎదుటివాడు మాట్లాడుతున్నప్పుడు చేతులు ఏం చెయ్యాలో అన్నీ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. తర్వాత నేను కట్టడాల నక్షాలు గీసే డ్రాఫ్ట్స్‌మన్ పని నేర్చుకుని కతార్ వచ్చాను, ఇక్కడ ఒక కాంట్రాక్టు కంపెనీలో చేరాను, నా భార్య మణికి నర్సు ఉద్యోగం దొరికింది, అల్ రయ్యాన్‌లో చిన్న ఫ్లాటు తీసుకున్నాం. బాగానే ఉన్నాం, దేవునికి స్తోత్రం.

ఒకరోజు మధ్యాహ్నం ఆఫీసుకి ఫోను వచ్చింది. అన్నయ్య బడిలో పాఠం చెబుతూ కుర్చీలో కూర్చున్నాడట, మళ్ళీ లేవలేదట. నా పాస్‌పోర్టు కంపెనీ దగ్గర ఉంది, దేశం దాటాలంటే సంతకం కావాలి, సంతకం చేసే పెద్దమనిషి ప్రయాణంలో ఉన్నాడు. ఎవరినీ తప్పుపట్టడం లేదు, అందరూ నా కోసం పరిగెత్తారు. ఆ కాగితం చేతికి వచ్చేసరికి ఊళ్ళో సమాధి కార్యక్రమం అయిపోయింది. ఇక వెళ్ళి ఏం చేస్తానులే అనుకుని సెలవు వాయిదా వేశాను. ఆ వాయిదాతోనే నా చీకటి మొదలైంది.

పలకరించడానికి వచ్చిన వాళ్ళందరికీ నేను ఒకే ముఖం చూపించాను. నిబ్బరమైన ముఖం, కొంచెం అలసిన చిరునవ్వు. 'అన్నయ్య విషయం' అనేవాణ్ణి, 'అన్నయ్య కబురు' అనేవాణ్ణి, అసలు మాట మాత్రం నా నోటినుంచి ఎప్పుడూ రాలేదు. అది ఎవరూ గమనించలేదు, మణి ఒక్కతే గమనించింది.

ఆ రోజుల్లో ఇంటర్నెట్ మన దోహాకి కొత్త. నక్షాలు గీసుకోవడానికని ఇంట్లో కంప్యూటరు కొన్నాను, దానికి మోడెమ్ తగిలించాను. ఫోను తీగలోనుంచే నెట్ రావాలి కాబట్టి మనం నెట్‌లో ఉన్నంతసేపూ బయటినుంచి ఎవరు ఫోను చేసినా ఎంగేజ్ వస్తుంది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. ఒక శుక్రవారం మధ్యాహ్నం, మణి డ్యూటీలో ఉన్నప్పుడు, నెట్‌లో అటూ ఇటూ వెతుకుతుంటే ఒక పేకాట బల్ల కనిపించింది. పోకర్ అంటారు. ఏ దేశం వాళ్ళో తెలియని మనుషులు తలో కుర్చీలో ఉన్నట్టు బొమ్మ ఉంటుంది, పక్కన రాసుకోవడానికి చోటు ఉంటుంది. నేను ఆడినది నిజం డబ్బుతో కాదు, ఉత్తుత్తి బిళ్ళలతో. అందుకే ఇది పాపం కాదు, జూదం కాదు అని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను.

ఆట తెలియనివారి కోసం రెండు మాటలు చెబుతాను. ప్రతివాడికీ రెండు ముక్కలు రహస్యంగా వస్తాయి, మధ్యలో కొన్ని ముక్కలు అందరికీ కనపడేలా ఒక్కొక్కటే తెరుస్తారు, అన్నీ కలిపి ఎవరి ముక్కల కూర్పు పెద్దదైతే వారిది గెలుపు. అయితే చాలాసార్లు ముక్కలు చూపించేదాకా రాదు. ఒకడు ధీమాగా పందెం పెంచితే మిగతావాళ్ళు జంకి ముక్కలు పడేస్తారు, అప్పుడు చేతిలో ఏమీ లేనివాడు కూడా గెలుస్తాడు. దాన్ని బ్లఫ్ అంటారు.

పేకాట అనుకునే కూర్చున్నాను. కాసేపటికి అర్థమైంది, ఇది నాకు బాగా తెలిసిన నాటకమే. స్టేజి మీద లైట్ల వెలుగులో నిలబడితే ముందున్న జనం కనపడరు. ఒక దగ్గు, ఒక కుర్చీ కిర్రుమనడం, ఒక నిశ్శబ్దం, వీటిని బట్టే వాళ్ళు మనతో ఉన్నారో లేదో తెలుసుకోవాలి. ఈ బల్ల దగ్గర కూడా ముఖాలు లేవు, మనిషి మీట నొక్కడానికి ఎంతసేపు తీసుకున్నాడన్నదే కనపడుతుంది, దానిలోనే వాడి భయమూ ఆశా ఉంటాయి. "మొదటి కాసేపట్లో నువ్వెవరివో జనానికి తేల్చి చెప్పెయ్యరా, ఆ తర్వాత నువ్వేం చేసినా నమ్ముతారు" అనేవాడు అన్నయ్య. నేను బల్ల దగ్గర మొదట్లో పిరికివాడిలా ముక్కలు పడేస్తూ కూర్చునేవాణ్ణి, ఆ తర్వాత ఒక్కసారి పెద్ద పందెం వేస్తే అందరూ నమ్మేవారు. "నీ డైలాగు చెప్పేటప్పుడు కాదు, అవతలివాడు చెప్పేటప్పుడు నటించాలి" అనేవాడు. అక్కడ కూడా అంతే, తన ముక్కల కన్నా ఎదుటివాడి మీద కన్ను ఉంచినవాడే గెలుస్తాడు. రెండు చోట్లా వెనక్కి తీసుకోవడం ఉండదు, అన్న మాట అన్నట్టే, వేసిన పందెం వేసినట్టే. గుండె కొట్టుకునే తీరు కూడా అదే. ఎన్నో ఏళ్ళ తర్వాత మళ్ళీ తెర లేచినట్టు అనిపించింది. సహోదరులారా, ఆ సంతోషం అబద్ధమని నేను చెప్పను. నిజమైన సంతోషమే, కాకపోతే తప్పు చోట వెతుక్కున్నాను.

అక్కడ ప్రతివాడికీ ఒక మారుపేరు ఉండాలి. నేను 'క్యాప్టెన్' అని పెట్టుకున్నాను. ఓడల్లో పనిచేసి రిటైరైన ముసలివాణ్ణని చెప్పుకున్నాను. మెల్లగా మాట్లాడే, తక్కువ మాట్లాడే ముసలివాడు. రోజూ ఆ బల్ల దగ్గరికి ఒకావిడ వచ్చేది, ఎక్కడో చలిదేశంలో స్కూల్ టీచర్నని చెప్పేది. ఆవిడకి నా గుట్టు తెలిసిపోయింది. స్టేజి మీద పెద్ద మాటకి ముందు కొంచెం ఆగితే ఆ మాటకి బరువు వస్తుంది, అది నా అలవాటు. బ్లఫ్ చేసే ముందు కూడా అలాగే ఆగేవాణ్ణి. ఒకరోజు ఆవిడ రాసింది: "క్యాప్టెన్, మీరు ఎక్కువసేపు ఆగారంటే మీ చేతిలో ఏమీ లేదన్నమాట." ఒంటరిగా కూర్చుని పగలబడి నవ్వాను. అన్నయ్య ఉంటే ఎంత ఏడిపించేవాడో!

ఆవిడే మరోరోజు అడిగింది, "మీకు అయినవాళ్ళు ఎవరైనా ఉన్నారా క్యాప్టెన్?" అని.

"ఒక అన్న ఉన్నాడు. ఇప్పటికీ బడిలో లెక్కలు చెబుతాడు" అని రాశాను.

"ఎలా ఉన్నారు?"

"బాగున్నాడు."

మొదటిసారి ఆ మాట ఒక్కో అక్షరమే కొట్టాను. తర్వాత అలవాటైపోయింది. ఆవిడ అడిగినప్పుడల్లా మా అన్న కొత్త నాటిక వేస్తున్నాడని, నిన్న ఫోను చేశాడని, మోకాలి నొప్పి తగ్గిందని రాసేవాణ్ణి. ఆ బల్ల దగ్గర మా అన్నయ్య బతికే ఉన్నాడు. నేను లేవలేకపోయింది బిళ్ళల కోసం కాదు, దీని కోసం. డ్యూటీ మధ్య విరామంలో ఇంటికి పరిగెత్తుకొచ్చేవాణ్ణి, శుక్రవారం ఆరాధన కాగానే టీ కూడా తాగకుండా వచ్చేసేవాణ్ణి.

ఇప్పుడు ఆ ఎంగేజ్ సంగతి. అన్నయ్య భార్య కరుణ వదిన ప్రతి శుక్రవారం మధ్యాహ్నం పాలకొల్లులో ఐ.ఎస్.డి. బూత్‌కి వెళ్ళి నాకు ఫోను చేసేది. మొదటిసారి ఆ రోజు బడిలో ఏం జరిగిందో చెప్పబోతే, "ధైర్యంగా ఉండండి వదినా, అన్నీ దేవుడు చూసుకుంటాడు" అని మధ్యలోనే ఆపేశాను. రెండోసారీ అంతే. ఆ తర్వాత శుక్రవారాలన్నీ ఆమెకి ఎంగేజే వచ్చింది. నేను కావాలని చేశానా అంటే, ఆ సమయానికి నేను బల్ల దగ్గర ఉండేలా చూసుకున్నానని మాత్రం చెప్పగలను. ఆమె ఒక్కతే నాతో నిజం మాట్లాడగలిగిన మనిషి. ఆ గొంతు వింటే అన్నయ్య చనిపోతాడు.

మణి కోప్పడలేదు, కానీ వేళాకోళం ఆడేది. "క్యాప్టెన్ గారూ, ఓడ ఒడ్డుకి వచ్చిందా? చేపల పులుసు చల్లారిపోయింది" అనేది. ఒకరోజు వేళాకోళం మానేసి, "ఏవండీ, వదిన మా హాస్పిటల్‌కి చేశారు. నాతో మాట్లాడి ఏడ్చారు. మీతో ఏడవాలని ఉందన్నారు" అంది. నేను నిబ్బరమైన ముఖం పెట్టాను. మణి నా ముఖం వంక చూసి, "అది నాకెందుకండీ, పరిషత్తులో చూపించండి" అని వంటగదిలోకి వెళ్ళిపోయింది. ఆ రాత్రి ఆమె చేసిన ప్రార్థన నేను విన్నాను. "ప్రభువా, మా ఆయనకి ఏడుపు ఇవ్వు" అని అడిగింది. అలాంటి ప్రార్థన నేను ఎక్కడా వినలేదు.

ఆ ప్రార్థనకి దేవుడు ఎలా జవాబిచ్చాడో చూడండి. క్రిస్మస్ దగ్గరపడుతోంది. మన సంఘ పెద్ద ఇమ్మానుయేలు గారు మీ అందరికీ తెలుసు, బందరు మనిషి, అకౌంట్స్‌లో పనిచేస్తారు. ఆరాధన తర్వాత గుమ్మం దగ్గర నన్ను పట్టుకున్నారు.

"సత్యం గారూ, మీరు స్టేజి ఆర్టిస్టు అని మీ ఆవిడ చెప్పేదాకా మాకు తెలీలేదండీ. ఇన్నాళ్ళూ ఖర్జూరంలో గింజలాగా దాక్కున్నారు!"

"మానేసి చాలా కాలమైందండీ."

"ఈత మానేసినవాణ్ణి నీళ్ళలో తోస్తే ఏం చేస్తాడు? ఈదుతాడు. క్రిస్మస్‌కి ఒక నాటిక మీరే వెయ్యాలి, అంతే."

తప్పించుకునే దారి లేదు. నాకు కంఠతా వచ్చిన నాటిక ఒక్కటే, అన్నయ్య మా ఊరి గుడి కోసం రాసినది. కథ చిన్నది. గోదావరి రేవులో ఒక ముసలి సరంగు ఉంటాడు, వరదలో కొడుకు కొట్టుకుపోయాక పడవ కట్టేసి కూర్చుంటాడు, కొడుకు పేరు కూడా ఎత్తడు. క్రిస్మస్ సాయంత్రం ఒక పేద దంపతులు వస్తారు, ఆమెకి నొప్పులు మొదలయ్యాయి, ఆసుపత్రి అవతలి ఒడ్డున ఉంది. చివరికి ముసలివాడు పడవ విప్పుతాడు. కొడుకు మునిగిన చోటికి వచ్చాక పడవ తోసే గెడ ఆపేసి, మొదటిసారి కొడుకు పేరు పెట్టి అరుస్తాడు. అప్పుడు పడవ కదులుతుంది. ఊళ్ళో సరంగు వేషం అన్నయ్యది, ఆ పేదవాడి వేషం నాది. ఇక్కడ సరంగు నేనే వెయ్యాలి, వేరే ఎవరికీ ఆ వేషం తెలియదు.

పేదవాడి వేషానికి మా కంపెనీ స్టోర్‌కీపరు సామ్యేలు దొరికాడు. నిజామాబాద్ వైపు మనిషి, జన్మలో స్టేజి ఎక్కలేదు. అతనికి గోదావరి యాస నేర్పడానికి మేము పడ్డ పాట్లు ఇంతా అంతా కాదు. "వెళ్ళాడు" అనమంటే "పోయిండు" అనేవాడు, "సరే అన్నా, రేపు కరెక్ట్‌గ చెప్త" అనేవాడు, రేపు మళ్ళీ "పోయిండు" అనేవాడు. అతని భార్య వేషం తణుకు సిస్టరు ఒకావిడ వేసింది. ఇంతలో ఆడవాళ్ళు వచ్చి, "దేవదూత లేని క్రిస్మస్ నాటిక ఏంటండీ? మేము రెక్కలు కుట్టేశాం" అన్నారు. గోదావరి రేవులో దేవదూత ఏం చేస్తుందని నేను వాదించాను. రెక్కలు కుట్టేశాక ఇక వాదన ఏముంటుంది? ఆరేళ్ళ పాపకి రెక్కలు కట్టి, లాంతరు ఇచ్చి అవతలి ఒడ్డున నిలబెట్టాం. ఇప్పుడు ఆలోచిస్తే అన్నయ్య రాతలో అదొక్కటే లోటు అనిపిస్తుంది.

పడవ మన సంఘంలోని వడ్రంగి సహోదరులు చేశారు. సెంట్రింగుకి వాడిన పాత ప్లైవుడ్‌తో చేశారు, బహ్రెయిన్ దాకా వెళ్ళగలిగేంత గట్టిగా చేశారు. ఎత్తబోతే లేవలేదు. "గిది పడవ కాదే అన్నా, ఓడ! యల్లా, కానియ్యుండ్రి, అందరు ఒక చెయ్యి ఎయ్యుండ్రి!" అని సామ్యేలు అరిచాడు. రిహార్సల్సులో నవ్వి నవ్వి అలసిపోయేవాళ్ళం. ఆ రోజుల్లో నాకు తెలియకుండానే బల్ల దగ్గరికి వెళ్ళడం తగ్గింది.

కానీ ఆ ఒక్కచోట మాత్రం నాటిక చచ్చిపోయేది. పడవ నది మధ్యకి వస్తుంది, నేను గెడ ఆపుతాను, కొంచెం ఆగుతాను, "కొండయ్యా! నా కొడకా కొండయ్యా!" అని అరుస్తాను. గొంతు బాగానే పలికేది, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో అక్కడే తీసుకునేవాణ్ణి. అందరూ బాగుందనేవారు. ఇమ్మానుయేలు గారు మాత్రం తల గోక్కుని, "బాగుంది బ్రదర్, చాలా బాగుంది, కానీ ఎక్కడో లెక్క తేలలేదు" అనేవారు. సామ్యేలు నన్ను పక్కకి తీసుకెళ్ళాడు.

"అన్నా, ఒగటి చెప్త, ఏమనుకోకు. నువ్వు మస్తు చేస్తవ్. గని నీ మొకం చూస్తే, ఇంట్ల లైటేసి బయట తాళమేసినట్టు ఉంటది. లోపట ఎవ్వరు లేరు."

నాకు కోపం వచ్చింది. సూటిగా తగిలింది కాబట్టే వచ్చింది. బల్ల దగ్గర అన్ని నెలలు నేను అభ్యాసం చేసింది అదే కదా, లోపల ఉన్నది ముఖం మీదికి రాకుండా చూసుకోవడం.

నాటిక దోహా బయట ఉమ్ సలాల్‌లోని ఒక తోటలో. మన సహోదరుడొకరు అక్కడ సూపర్‌వైజరు, తోట యజమాని మంచిమనసుతో పెద్ద షెడ్డు వాడుకోనిచ్చాడు, పిల్లలకి రెండు బుట్టల కమలాపండ్లు కూడా పంపాడు. చల్లటి సాయంత్రం. నీలం టార్పాలిన్ పరిచి గోదావరి చేశాం. కుటుంబాలు వచ్చాయి, కార్మికుల క్యాంపులనుంచి బస్సుల్లో అన్నదమ్ములు వచ్చారు, నిలబడటానికి చోటు లేదు. తెర వెనక నేను చేసిన ప్రార్థన ఇంతే: "ప్రభువా, ఈ ఒక్కసారికి గట్టెక్కించు." నటులందరూ చేసే ప్రార్థనే అది, అందులో భక్తి కంటే భయమే ఎక్కువ.

మొదటి భాగం హాయిగా సాగింది. జనం నవ్వాల్సిన చోట నవ్వారు. పడవ నది మధ్యకి వచ్చింది. గెడ ఆపాను. ఆగాను. నోరు తెరిచాను.

మాట రాలేదు.

మరిచిపోలేదు సహోదరులారా, ఆ మాట నా గొంతులోనే ఉంది. కానీ దాని వెనక ఇంకో పేరు ఉంది, ఆ పేరు అడ్డుతొలగక ఇది బయటికి రావడం లేదు. అప్పుడు నాకు తెలిసిన పని చేశాను. ముఖం బిగించి నిలబడ్డాను, అంతా అనుకున్నట్టే జరుగుతున్నట్టు. జనం అది నటన అనుకున్నారు, వెనకెవరో చప్పట్లు కూడా కొట్టారు. తెర పక్కన మణి ప్రాంప్టింగ్ చేస్తోంది. "కొండయ్యా" అంది. మళ్ళీ "కొండయ్యా" అంది. మూడోసారికి షెడ్డంతా వినపడింది. అవతలి ఒడ్డున రెక్కల పాప ఊరుకోలేక లాంతరు ఊపి, "అంకుల్, కొండయ్యా అనాలంట!" అని కేకేసింది. అందరూ ఘొల్లున నవ్వారు. నేను కదల్లేదు. బల్ల దగ్గర ఆవిడ అన్న మాట నిజం, అంతసేపు ఆగానంటే నా చేతిలో ఏమీ లేదు.

అప్పుడు సామ్యేలు పడవలో లేచి నిలబడ్డాడు. నాటికలో అతను అక్కడ లేవకూడదు. నా దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. నేర్పిన యాస అంతా మరిచిపోయాడు.

"ఎవరు పోయిండ్రు తాతా?" అన్నాడు.

ఆ ప్రశ్న నాటికలో లేదు. అతని కళ్ళలోకి చూశాను. అతను నటించడం లేదు, నిజంగా అడుగుతున్నాడు.

"మా అన్న" అన్నాను.

నవ్వులు ఆగిపోయాయి.

"ఏం పేరు?"

"దానియేలు."

"ఏమైండు?"

అన్ని నెలల్లో ఎవరూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు, అందరికీ జవాబు తెలుసు కాబట్టి. "చనిపోయాడు" అన్నాను. "మా అన్నయ్య చనిపోయాడు." ఆ మాట నా నోటినుంచి రావడం అదే మొదలు. గెడ చేతిలోనుంచి జారిపోయింది. ఆ ప్లైవుడ్ పడవలో కూర్చుని, అంతమంది ముందు, మేకప్ కరిగి గడ్డం ఊడిపోతుంటే, పసివాడిలా ఏడ్చాను. సామ్యేలు నా తల తన గుండెకి ఆనించుకున్నాడు. ముందు వరసలోనుంచి ఇమ్మానుయేలు గారు లేచి నిలబడి ప్రార్థన చేశారు. ఆ ప్రార్థన ఇప్పటికీ నాకు గుర్తుంది. "తండ్రీ, నీ బిడ్డ ఏడుస్తున్నాడు, నీకు స్తోత్రం. ఏడవనివ్వు తండ్రీ. తొందరేమీ లేదు. మేమందరం ఇక్కడే ఉన్నాం." షెడ్డంతా లేచి నిలబడింది. ఇళ్ళకి దూరంగా ఉన్నవాళ్ళం, మనలో ప్రతివాడికీ చూడలేకపోయిన ఒక సమాధి ఉంది. ఆ సాయంత్రం ఎవరి పేరు వాళ్ళు తలచుకుని ఏడ్చారు.

ఎంతసేపు అలా ఉన్నామో తెలియదు. చివరికి పడవలో పడుకున్న తణుకు సిస్టరు తల ఎత్తి, "ఏవండీ, అందరూ బాగానే ఉన్నారు కానీ నన్ను నది మధ్యలో వదిలేశారు, నా కాన్పు సంగతేంటి?" అంది. ఓహో, ఆ నవ్వు! ఏడుస్తూనే అందరం నవ్వాం. సామ్యేలు గెడ తీసి నా చేతికి ఇచ్చాడు. నేను లేచి నిలబడి "కొండయ్యా!" అని అరిచాను. ఆ కేకలో అన్నయ్య గొంతు వినపడింది నాకు. పడవ అవతలి ఒడ్డు చేరింది, రెక్కల పాప లాంతరు పైకెత్తింది, గుడ్డబొమ్మ పుట్టింది, అందరూ లేచి పాడారు. దేవునికే మహిమ!

బల్లకీ స్టేజికీ ఎన్ని పోలికలున్నా ఒక తేడా ఉందని ఆ రోజు తెలుసుకున్నాను. బల్ల దగ్గర ఒకడు తడబడితే మిగతావాళ్ళకి అది పండగ. స్టేజి మీద ఒకడు తడబడితే పక్కవాడు అందుకుంటాడు, తన డైలాగు వదులుకుని మరీ అందుకుంటాడు. కృప అనే మాట చిన్నప్పటినుంచి వింటున్నాను, దాని అర్థం నాకు సామ్యేలు చెయ్యి భుజం మీద పడినప్పుడు తెలిసింది.

మర్నాడు మధ్యాహ్నం మోడెమ్ తీగ పీకేసి ఊరికి ఫోను చేశాను. పక్కింటివాళ్ళు వదినని పిలిచారు.

"ఎవరూ?" అంది.

"నేనే వదినా, సత్యాన్ని."

"ఏం బాబూ, ఎప్పుడు చేసినా ఎంగేజే! మా మరిది కతార్ రాజుగారితో మాట్లాడుతున్నాడేమో అనుకున్నాను."

నవ్వబోయి ఏడ్చాను. "వదినా, అన్నయ్య చనిపోయాడు" అన్నాను, ఆమెకి కొత్తగా చెబుతున్నట్టు.

"అవును బాబూ, చనిపోయాడు" అంది, నాకు కొత్తగా చెబుతున్నట్టు. తర్వాత ఆ రోజు ఏం జరిగిందో మొత్తం చెప్పింది, నేను ఆపకుండా విన్నాను. ఆ ఉదయం ఆయన పిల్లలకి పడవ నాటిక నేర్పుతున్నాడట. "మా తమ్ముడు పడవలో కూర్చుంటే పడవ చెక్కకీ వాడికీ తేడా తెలిసేది కాదర్రా" అని నన్ను అనుకరించి చూపించి, పిల్లల్ని నవ్వించి, లెక్కల క్లాసుకి వెళ్ళాడట. ఇద్దరం ఫోనులో నవ్వాం, ఏడ్చాం. ఆ కబురు చెప్పాలనే ఆమె అన్ని శుక్రవారాలు బూత్‌కి నడిచింది.

బల్ల దగ్గరికి ఇంకొక్కసారే వెళ్ళాను. ఆడటానికి కాదు. "నేను క్యాప్టెన్ని కాను, నక్షాలు గీసే ఉద్యోగిని. మా అన్న చనిపోయాడు, మీకు చెప్పినప్పటికే చనిపోయాడు. క్షమించండి" అని రాశాను. తర్వాత ఆవిడ రాసింది: "నేను కూడా టీచర్ని కాను, క్యాప్టెన్. మీ అన్న గురించి చెప్పండి." చెప్పాను. నిజం చెప్పాను. ఆట ఆగిపోయింది, మిగతావాళ్ళు ముక్కలు పడేసి విన్నారు. ఆవిడ ఎవరో ఈనాటికీ నాకు తెలియదు, ఆవిడ కోసం ప్రార్థిస్తూ ఉంటాను. ఆ తర్వాత మళ్ళీ కూర్చోలేదు. కూర్చోకూడదని పళ్ళు బిగబట్టాల్సిన అవసరం కూడా రాలేదు, ప్రభువు ఆ ఆకలే తీసేశాడు.

విశ్వాసం కూడా ఒక బ్లఫే కదా అని మా ఆఫీసులో చదువుకున్న మిత్రుడొకాయన అన్నాడు. చేతిలో ఏమీ లేకపోయినా ఉన్నట్టు ధీమాగా ఉండటమే కదా అన్నాడు. ఆ పని నేను చాలా నెలలు చేశాను కాబట్టి జవాబు చెప్పగలిగాను. బ్లఫ్ చేసేవాడు తన ఖాళీ చేతిని అందరికీ దాచిపెడతాడు. విశ్వాసి తన ఖాళీ చేతిని దేవునికి చూపిస్తాడు. అన్నయ్య బతికే ఉన్నాడని నటించినన్నాళ్ళూ పునరుత్థానం గురించి వినే ప్రసంగాలు నాకు అంటలేదు. ఎలా అంటుతాయి? చనిపోయాడని ఒప్పుకోనివాడు, లేస్తాడని ఎలా నమ్ముతాడు?

ఆ తర్వాతి వేసవిలో సెలవు దొరికింది. వదినతో కలిసి సమాధి దగ్గరికి వెళ్ళాను. సాయంత్రం చల్లగాలి వీస్తోంది, ఎవరో పక్కపొలంలో రేడియో పెట్టుకున్నారు. "మా అన్నయ్య చనిపోయాడు, మా అన్నయ్య లేస్తాడు" అని పైకే అన్నాను. రెండు మాటలూ ఒకే ఊపిరిలో వచ్చాయి. వదిన "ఆమేన్" అంది, "లేచాక ముందు నీ నటన గురించే మాట్లాడతాడు చూడు" అంది.

ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, మీలో ఎవరైనా బాగున్నాను, బాగున్నాను అని చెప్పి చెప్పి అలిసిపోయి ఉంటే, శుక్రవారం ఆరాధనకి రండి. ఉమ్ సలాల్‌లో ఉన్నా, వుకైర్‌లో ఉన్నా, క్యాంపులో ఉన్నా, బండి పంపిస్తాం. నిబ్బరంగా ఉండాల్సిన పని లేదు. మీవాళ్ళ పేరేమిటని మేము అడుగుతాం, మీకు చెప్పాలనిపించినప్పుడే చెప్పండి. మీరు నోరు తెరవకముందే ఆ పేరు ఎరిగిన ప్రభువు మన మధ్య ఉంటాడు. నన్ను ఏడిపించి నవ్వించిన ఆయనకే స్తోత్రం, ఘనత, మహిమ. ఆమేన్.